నడినెత్తిన గాజు పగిలితే

నీడన నిలిపి ఉంచిన కారు పైకప్పు అద్దం, ఏ రాయీ తగలకుండానే, టపాకాయ పేలినట్టు చప్పుడు చేసి వేల ముక్కలు కావడం ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. మరో కారు పైకప్పు మీదేమో కంకరరాయి చేసిన చిన్న గుంట నుంచి బయలుదేరిన సన్నని గీత, వారాల తరబడి అంగుళం అంగుళంగా పాకుతున్నా అద్దం ఊడిపడదు. ఈ రెండు ప్రవర్తనల మధ్య తేడా దెబ్బ బలంలో ఉందనుకుంటే పొరపడినట్టే. దెబ్బ తగలకముందే గాజు లోపల ఒత్తిడిని ఎలా అమర్చి పెట్టారన్నదే ఆ తేడాకు మూలం. అందుచేత విద్యుత్ కారు పైకప్పు అద్దానికి ఏదైనా అయినప్పుడు పగులు పొడవు కొలవడానికి ముందు అది ఏ జాతి గాజో తెలుసుకోవాలని నా అభిప్రాయం. తరువాత చేయవలసినదంతా దానిమీదే ఆధారపడుతుంది.

ఇంత పెద్ద గాజు ఈ కార్ల నెత్తికి ఎక్కడానికి కారణం చాలావరకు నేలలో ఉంది. విద్యుత్ కారులో బ్యాటరీ పెట్టె సీట్ల కింద నేలంతా పరుచుకొని ఉంటుంది కనుక, నేల కొంత పైకి జరుగుతుంది, కూర్చున్నవారి తలలూ పైకి జరుగుతాయి. కారు ఎత్తు పెంచితే గాలి నిరోధం పెరిగి ఒక్క చార్జింగుతో వెళ్లగలిగే దూరం తగ్గుతుంది. పైకప్పు రేకునూ, దాని అడ్డకమ్మీలనూ, లోపలి గుడ్డ అస్తరునూ తీసేసి ఒకే పలక గాజును బిగిస్తే తలకు కొన్ని సెంటీమీటర్ల చోటు మిగులుతుంది. గాజు బరువు తక్కువేమీ కాదు. నాలుగు మిల్లీమీటర్ల మందం గల గాజు చదరపు మీటరుకు పది కిలోలు తూగుతుంది. అయితే వందల కిలోల బ్యాటరీ అడుగున ఉన్నందువల్ల, నెత్తిన ఉన్న ఈ బరువు కారు నిలకడను పెద్దగా చెడగొట్టదు.

పైకప్పులకు వాడే గాజులో మొదటి రకం టెంపర్డ్ గాజు. కోసి, అంచులు నునుపు చేసి, వంపు తిప్పే ఏర్పాట్లతో పలకను సుమారు 620 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, రెండు వైపులా చల్లని గాలిని వేగంగా కొడతారు. పైపొరలు ముందుగా గట్టిపడిపోతాయి. లోపలి గాజు ఆలస్యంగా చల్లారుతూ కుంచించుకుపోదామని చూస్తుంది కానీ, అప్పటికే గట్టిపడిన పైపొరలు దాన్ని కుంచించుకోనివ్వవు. ఫలితంగా పైపొరలు శాశ్వతంగా నొక్కుడులోనూ, నడిమి భాగం శాశ్వతంగా లాగుడులోనూ ఉండిపోతాయి. గాజు పగలాలంటే దాని ఉపరితలం మీద ఉండే సూక్ష్మమైన గాట్లు తెరుచుకోవాలన్నది 1920ల తొలినాళ్లలో బ్రిటిష్ ఇంజినీరు ఏ. ఏ. గ్రిఫిత్ చూపిన విషయం. నొక్కుడులో ఉన్న పైపొర ఆ గాట్లను మూసిపట్టి ఉంచుతుంది కాబట్టి టెంపర్డ్ గాజు మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది.

కానీ ఆ బలం అప్పుగా తెచ్చుకున్నది. నొక్కుడు పొర లోతు ఒక్కో వైపున పలక మందంలో ఇంచుమించు ఐదో వంతు మాత్రమే, అంటే నాలుగు మిల్లీమీటర్ల పలకలో 0.8 మిల్లీమీటరు. ఏ గాటైనా ఆ లోతు దాటి లాగుడు ప్రాంతాన్ని తాకిందంటే, లోపల నిలవ ఉన్న శక్తి అంతా ఒక్కసారిగా బయటపడుతుంది. ఈ వింతను పదిహేడో శతాబ్దంలోనే మనుషులు చూశారు. కరిగిన గాజును నీళ్లలో చుక్కగా వదిలితే తోకచుక్కలాంటి బిందువు తయారవుతుంది. దాని తలను సుత్తితో కొట్టినా చెక్కు చెదరదు, తోక చివర తుంచితే మాత్రం మొత్తం పొడి అవుతుంది. రూపర్ట్ రాజకుమారుడు ఇంగ్లండుకు తెచ్చిన ఈ బిందువులను 1661లో లండన్ రాయల్ సొసైటీవారు పరీక్షించారు. అసలు లోపల ఏమి జరుగుతున్నదో చూడడానికి మూడు శతాబ్దాలకు పైగా ఆగవలసి వచ్చింది. 1994లో శ్రీనివాసన్ చంద్రశేఖర్, మునవర్ చౌధరి అనే శాస్త్రజ్ఞులు సెకనుకు పది లక్షలకు చేరువైన చిత్రాలు తీసే కెమెరాతో చూసి, పగులు సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు, అంతకు పైబడిన వేగంతో తోక నుంచి తల వైపు పరుగెడుతుందని తేల్చారు. ఆ వేగంతో మీటరు పొడవు పైకప్పు ఛిద్రమవడానికి రెప్పపాటులో నూరో వంతు కాలం కూడా పట్టదు. ముక్కలు చిన్నవిగా, మొద్దు అంచులతో రావడం కూడా ఆ నిలవ శక్తి చలవే. ఐక్యరాజ్యసమితి 43వ వాహన నిబంధన ప్రకారం ఐదు సెంటీమీటర్ల చతురస్రంలో కనీసం 40 ముక్కలు లెక్కకు రావాలి.

ఎవరూ తాకకుండానే పేలడం వెనుక ఉన్న కారణాల్లో ఒకటి గాజు తయారీలోనే దాగి ఉంటుంది. ముడిపదార్థంలో కలిసిన అతి స్వల్పమైన నికెల్, గంధకంతో కలిసి నికెల్ సల్ఫైడు రేణువులుగా మారుతుంది. 379 డిగ్రీలకు పైన ఈ రేణువుకు ఒక స్ఫటిక రూపం, ఆ కింద మరొక రూపం. టెంపర్ చేసేటప్పుడు వేగంగా చల్లబరుస్తారు కనుక వేడినాటి రూపమే లోపల బందీ అవుతుంది. తరువాత నెలలకో ఏళ్లకో అది మెల్లగా రెండో రూపానికి మారుతూ రెండు నుంచి నాలుగు శాతం వరకు ఉబ్బుతుంది. రేణువు నడిమి లాగుడు ప్రాంతంలో ఉంటే ఆ కాస్త ఉబ్బు చాలు. అయితే కారు అద్దం దానంతటదే పగిలిన ప్రతిసారీ నేరాన్ని ఈ రేణువు మీద మోపడం నాకు సమంజసంగా తోచదు. ఎప్పుడో తగిలి మనం పట్టించుకోని గులకరాయి గాటు, బిగింపులో అంచుకు అయిన నలుగుడు, ఎగుడుదిగుడు దారిలో కారు చట్రం మెలి తిరగడం, ఇవన్నీ అదే పని చేయగలవు.

రెండో రకం లామినేటెడ్ గాజు. రెండు పలుచని పలకల మధ్య పాలీవినైల్ బ్యూటిరాల్ అనే సాగే ప్లాస్టిక్ పొరను, సాధారణంగా 0.76 మిల్లీమీటరు మందంతో, వేడితోనూ ఒత్తిడితోనూ అతికిస్తారు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వార్ బెనెడిక్టస్ చేతిలోంచి 1903లో ఒక గాజు కుప్పె జారిపడి, పగిలి కూడా ముక్కలు విడిపోకుండా నిలిచింది. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేటు పొర వాటిని పట్టి ఉంచింది. 1909లో ఆయన తీసుకున్న పేటెంటు నుంచే ఈ గాజు కథ మొదలయింది. దీనిలో పైపలక పగిలినా లోపలి పలక, నడిమి పొర నిలిచి ఉంటాయి. ముఖ్యంగా, బోల్తా పడినప్పుడు లోపలివారు బయటికి విసిరివేయబడే ప్రమాదాన్ని ఇది తగ్గిస్తుంది. ఒకే పెద్ద పలకను జిగురుతో అతికించే విద్యుత్ కార్లలో ఈ రకం ఎక్కువగా కనబడుతుంది. జరిగి తెరుచుకునే పలకల్లో టెంపర్డ్ గాజు ఇప్పటికీ సామాన్యమే.

ఏది ఏ రకమో కనుక్కోవడం కష్టమేమీ కాదు. పలక మూల నల్లని అంచు దగ్గర ముద్రించిన గుర్తులో టెంపర్డ్ అనో లామినేటెడ్ అనో చాలాసార్లు ఉంటుంది. నల్ల కళ్లద్దాల్లో పోలరైజ్డ్ రకం మీ దగ్గర ఉంటే, పగటి వెలుతురులో ఏటవాలుగా చూసినప్పుడు టెంపర్డ్ గాజు మీద చిరుతపులి మచ్చల్లాంటి చుక్కలు వరుసగా తేలుతాయి. చల్లని గాలి గొట్టాలు ఊదిన చోట్లు అవి, గాజులో గడ్డకట్టిన ఒత్తిడికి చిత్తరువులు. లామినేటెడ్ పలకలను కూడా కొన్నిసార్లు వేడితో బలపరుస్తారు కనుక, మచ్చలు కనబడినా మూల ముద్రనే నమ్మడం మంచిది.

టెంపర్డ్ పైకప్పు పగిలితే మరమ్మతు అనే మాట లేదు. ముక్కలన్నీ చట్రంలోనే వేలాడుతున్నా సరే, దానికి ఇక బలం లేదు. మెల్లగా పక్కకు తీసి ఆపాలి, లోపలి తెర ఉంటే మూయాలి, పైకప్పును తెరిచే మోటారును ముట్టుకోకూడదు. అది కదిలితే ముక్కలు పట్టాల్లోకీ, నీళ్లు పోయే సన్నని గొట్టాల్లోకీ జారి తరువాత పనిని రెట్టింపు చేస్తాయి. చేతి తొడుగులు, కళ్లకు రక్షణ లేకుండా వేలాడే ముక్కలను లాగకూడదు. ఖాళీని ప్లాస్టిక్ పట్టాతో కప్పి దూరప్రయాణం చేద్దామనుకునేవారు ఒక చిన్న లెక్క చూడాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో గాలి పీడనం చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల బరువుతో సమానం. పైకప్పు వంపు మీద గాలి వేగంగా జారుతూ పలకను కిందికి నొక్కకుండా పైకి పీలుస్తుంది. అందులో సగమే లెక్కవేసినా చదరపు మీటరు పట్టాను ఇరవై కిలోలకు పైబడిన బలం ఎగలాగుతుంది. వేగాన్ని యాభైకి తగ్గిస్తే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. టేపు తట్టుకునేది ఆ మాత్రమే. కదులుతున్నప్పుడు పగిలిన పైకప్పు ముక్కలు ఎక్కువగా లోపలికి రాలకుండా బయటికి ఎగిరిపోవడానికీ ఈ పీల్పే కారణం.

లామినేటెడ్ గాజు విషయం వేరు, ఇక్కడ తొందర కన్నా శుభ్రత ముఖ్యం. గోరును ముందు బయటివైపు, తరువాత లోపలివైపు పగులుకు అడ్డంగా నడిపించి చూడండి. పగులు బయట మాత్రమే గోరుకు తగిలితే పైపలకకే దెబ్బ తగిలిందన్నమాట, లోపల కూడా తగిలితే పలక మార్చక తప్పదు. బయటి గుంట బొటనవేలి గోరంత ఉండి, అంచుకు దూరంగా ఉంటే, గట్టిపడే పారదర్శక ద్రవమైన రెజిన్‌తో నింపే అవకాశం ఉంది. పనివాడు గుంట మీద చిన్న పంపును బిగించి, ముందు లోపలి గాలిని పీల్చేసి, తరువాత పలుచని రెజిన్‌ను ఒత్తిడితో పగుళ్ల చివరలదాకా ఎక్కించి, అతినీలలోహిత దీపంతో గట్టిపరుస్తాడు. రెజిన్ వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే కొలత, గాజుకున్న 1.52కు దగ్గరగా ఉంటుంది కనుక, అప్పటిదాకా వెండిలా మెరిసిన పగులు కళ్ల ముందే కరిగిపోయినట్టు మాయమవుతుంది. మచ్చ మాత్రం కొంత మిగులుతుంది.

ఈ పని కుదరాలంటే గుంటలో మట్టి, నీరు, షాంపూ చేరకూడదు. నీటికి ఇక్కడ మరో దుర్గుణం ఉంది. పగులు కొసన సాగి ఉన్న సిలికాన్, ఆక్సిజన్ బంధాలతో నీటి అణువులు చర్య జరిపి వాటిని తెంచివేస్తాయి. అందుకే మామూలుగా తట్టుకోగల ఒత్తిడిలో కూడా తడి గాలిలో పగులు నెమ్మదిగా పాకుతూనే ఉంటుంది. దెబ్బ తగిలిన వెంటనే గుంట మీద పారదర్శకమైన టేపు ముక్క ఒకటి అంటించడం చవకైన మంచి పని. నీళ్లను ఒత్తిడితో చిమ్మి కడిగే యంత్రానికి కారును దూరంగా ఉంచాలి.

ఇక వేడి సంగతి. నడి ఎండలో చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్ల శక్తి పడుతుంది, ముదురు రంగు పైకప్పు అందులో చాలా భాగాన్ని తానే పీల్చుకొని కాలిపోతుంది. నడుమ భాగం వేడెక్కి వ్యాకోచిస్తుంటే, చట్రం నీడలో చల్లగా ఉన్న అంచు లాగుడుకు గురవుతుంది. గాజులో ఒక డిగ్రీ తేడాకు సుమారు 0.6 మెగాపాస్కల్ ఒత్తిడి పుట్టవచ్చు. ముప్పై డిగ్రీల తేడా అంటే పద్దెనిమిది. అంచున గాటు పడిన మామూలు గాజుకు అది ప్రాణాంతకమే. అందువల్ల పగులు ఉన్న పైకప్పు మీద ఎండలో చల్లని నీళ్లు గుమ్మరించడం, కాలిన కారులో ఒక్కసారిగా ఏసీని గరిష్ఠానికి పెట్టి చల్లగాలిని పైకి మళ్లించడం తగదు. విద్యుత్ కార్లలో ఫోన్ నుంచే బయలుదేరక ముందు లోపలి గాలిని చల్లబరిచే లేదా వేడిచేసే ఏర్పాటు ఉంటుంది. అద్దం బాగయ్యేదాకా దాన్ని సున్నితంగా వాడాలి.

నెత్తిన రంధ్రం పడి వాన లోపలికి వస్తే కరెంటు కొడుతుందేమోనన్న భయం చాలామందికి కలుగుతుంది. కార్లలో 60 వోల్టులు దాటిన ఏకముఖ విద్యుత్తునే అధిక వోల్టేజిగా పరిగణిస్తారు, బ్యాటరీ 400 లేదా 800 వోల్టుల తరగతిది కావచ్చు. కానీ ఆ తీగలు నారింజ రంగు తొడుగుతో సీలు వేసిన పెట్టెల్లోనూ కారు అడుగునా ఉంటాయి, పైకప్పు దగ్గరికి రావు. అక్కడ ఉండేవి దీపాలు, మైకులు, యాంటెనాలు, తెర మోటారు, పక్క కమ్మీల వెంట మడిచి ఉన్న కర్టెన్ ఎయిర్‌బ్యాగులు. అసలు బెడద తివాచీ కింద నిలిచే నీటిది. సీట్ల కింది కనెక్టర్లు వారాల తరువాత పచ్చబడి, సంబంధం లేదనిపించే హెచ్చరిక దీపాలు వెలుగుతాయి. నేల తడిస్తే తివాచీ ఎత్తి ఆరబెట్టించాలి, నీళ్లు నిలిచేంతగా వస్తే పరీక్ష చేయించేదాకా చార్జింగుకు పెట్టకపోవడమే జాగ్రత్త.

పలక మార్చేటప్పుడు పాత జిగురును సన్నని గట్టి దారంతో చుట్టూ కోసి, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొరను మాత్రం చట్రం మీద ఉంచి, దానిమీద కొత్త పాలీయురెథేన్ జిగురును కొనదేలిన వరుసగా పెడతారు. చట్రం మెలి తిరగకుండా పట్టి ఉంచడంలో అతికించిన గాజుకు వాటా ఉంది కనుక ఈ జిగురు కేవలం నీరు ఆపే మైనం కాదు. అంచుల నల్లని పింగాణీ పట్టీ అందానికి పెట్టింది కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు జిగురును తినకుండా కాపాడేది అదే. కొత్త పలక ఆకారం ఒకటే అయితే చాలదు. పరారుణ కిరణాలను తిప్పికొట్టే వెండి పూత, విద్యుత్తుతో మసకబారే పొర, యాంటెనా కోసం పూతలో వదిలిన కిటికీ పాతదానిలో ఉంటే కొత్తదానిలోనూ ఉండాలి. లేకుంటే ఏసీ భారం పెరగడమో, దారి చూపే జీపీఎస్ తడబడడమో జరుగుతుంది. బీమా పత్రంలో ముందు అద్దానికి ఉన్న రక్షణ పైకప్పుకు కూడా వర్తిస్తుందో లేదో పని ఒప్పజెప్పే ముందే చదవాలి.

ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని గట్టిపడుతుంది. పొడి చలిలో ఆలస్యంగా, తేమ వేడిలో త్వరగా. కారును ఎప్పుడు కదిలించవచ్చో పనివాడు చెప్పే సమయం అందుకే గంట నుంచి చాలా గంటల వరకు మారుతుంది. ఆ తొలి రోజున ఒక పక్క అద్దాన్ని రెండు వేళ్లంత దించి ఉంచమంటారు. అన్నీ మూసి ఉన్న కారులో తలుపును గట్టిగా వేస్తే లోపలి గాలి ఒక్కసారి ఉబ్బి, ఇంకా పచ్చిగా ఉన్న జిగురు మీద నుంచి పలకను వెంట్రుకవాసి పైకి నెడుతుంది. మొదటి వాన కురిసినప్పుడు ఆ సందు వెంటే చుక్క దిగుతుంది.