తడి గాలిలో ఆరే సొన

చిరంజీవులకు ఆశీస్సులు.

తడిబట్టను ఎండలో ఆరేస్తాం. గోడకు రంగు వేస్తే కిటికీలు తెరిచి పెడతాం. ఏది ఆరాలన్నా ఎండో గాలో కావాలని మీకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. జపాన్‌లో ఒక కొండ ఊళ్ళో మాత్రం, పూత పూసిన గిన్నెను ఆరబెట్టాలంటే నీళ్ళు చల్లి తడిపిన చెక్క అల్మరాలో పెట్టి తలుపు మూసేస్తారు. ఈ సంగతి ఒక్కటి అర్థమైతే చాలు, ఆ ఊరి ఇళ్ళు అలా ఎందుకున్నాయో, పెరటివైపు మందపాటి మట్టిగోడల కొట్లు ఎందుకు కట్టుకున్నారో మీకే తెలిసిపోతుంది.

ఊరి పేరు కిసో హిరసావా. జపాన్ నడిమధ్య నాగానో ప్రాంతంలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, నరాయి నది ఒడ్డున ఉంది. పూర్వం ఎదో నుంచి, అంటే నేటి టోక్యో నుంచి, క్యోటోకు కొండల మీదుగా నాకాసెన్‌డో అనే బాట ఉండేది. దాని మీద 69 మజిలీలు. 33వది నియెకావా, 34వది నరాయి. హిరసావా ఆ రెండింటికీ మధ్య ఉంది కానీ అది మజిలీ కాదు. బాటసారులు దిగే సత్రాలు నరాయిలో ఉండేవి. వాళ్ళు కొనుక్కునే దువ్వెనలు, అన్నం డబ్బాలు, గిన్నెలు తయారుచేసే ఊళ్ళలో హిరసావా ఒకటి.

ఈ పని ఇక్కడే ఎందుకు పుట్టింది? చుట్టూ అడవి కాబట్టి అనుకుంటాం. నిజమే కానీ సగమే నిజం. కిసో అడవిలో హినోకి అనే దేవదారు వంటి చెట్టు ప్రసిద్ధి. దానితో కలిపి అయిదు జాతుల చెట్లను నరకకూడదని ఆ కాలంలో ఆ అడవిని ఏలిన ఓవారి ప్రభువులు కట్టడి చేశారు. 'చెట్టుకో తల' అని సామెత పుట్టేంత కఠినంగా శిక్షలుండేవి. కళ్ళెదుట అడవి ఉన్నా, చేతికందే కలప కొలిచి ఇచ్చినంతే. పొలాలా, లోయలో చారెడు నేల. కొద్ది కలపతోనే ఎక్కువ విలువ చేసే వస్తువు తయారైతే తప్ప ఇల్లు గడవదు. పల్చటి చెక్కను వేడినీళ్ళలో మెత్తబరచి గుండ్రంగా వంచి డబ్బా చేస్తే కలప ఆదా అవుతుంది. దానిమీద పూత పడితే అది తరాలు నిలుస్తుంది.

ఇక పూత సంగతి. జపాన్‌వాళ్ళు దాన్ని ఉరుషి అంటారు. తెలుగులో కొందరు దీన్ని లక్క అని రాస్తున్నారు, అది పొరపాటు. మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క పురుగుల నుంచి వచ్చేది. తరిమెన మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. మళ్ళీ వేడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. ఉరుషి చెట్టు సొన. ఒకసారి గట్టిపడిందంటే వేడికి కరగదు, నీటికి నానదు, పులుపుకూ సారాయికీ లొంగదు. రెండూ గొప్పవే, కానీ రెండూ వేరు.

ఆ చెట్టు మన మామిడికి, జీడిమామిడికి, నల్లజీడికి బంధువు. మామిడికాయ ముచ్చిక తుంచగానే చిమ్మే సొన పెదవికి తగిలితే పుండు పడుతుంది కదా. జీడిగింజ పెంకులో ఉండే నూనె చేతుల్ని కాల్చేస్తుంది. పూర్వం చాకిరేవుకు పోయే బట్టల మీద చెరగని నల్ల గుర్తు పెట్టింది నల్లజీడి రసంతోనే. ఉరుషిలోని అసలు పదార్థం కూడా ఆ కోవదే. పచ్చి సొన తగిలితే చాలామందికి దురద, దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. పూర్తిగా గట్టిపడ్డాక ఏ హానీ ఉండదు, అందులో హాయిగా తినవచ్చు.

చెట్టుకు పది పదిహేనేళ్ళు వచ్చాక జూన్ నుంచి అక్టోబరు దాకా గీత గీస్తారు. మొదటి గీత చిన్నది. నాలుగు రోజులు ఆగి, దాని పైన ఇంకాస్త పొడుగు గీత. అలా మెట్లు మెట్లుగా పైకి పోతారు. రోజూ గీస్తే చెట్టుకు తేరుకునే వ్యవధి ఉండదు, సొన పల్చబడుతుంది. ఒక చెట్టు ఒక కాలమంతా ఇచ్చేది సుమారు 200 గ్రాములు, ఒక పెద్ద టీ గ్లాసుడు. జపాన్‌లో ఆ ఏడాదే చెట్టును కొట్టేసి, మొదలు నుంచి వచ్చే పిలకలను పెంచుతారు. ఇప్పుడు జపాన్‌లో వాడే సొనలో ఎక్కువ భాగం చైనా నుంచే వస్తోంది.

ఆరడం దగ్గరికి వద్దాం. సొనలో నీరు పోతే అది గట్టిపడుతుందని అనుకోకండి. అందులో లాకేజ్ అనే ఎంజైము కొద్దిగా ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని సొన అణువులను ఒకదానికొకటి ముడివేస్తుంది. వల అల్లినట్టు అల్లుకుపోయాక అది గట్టి పొర అవుతుంది. ఆ ఎంజైము పనిచేయాలంటే తేమ ఉండాలి, కొంచెం వెచ్చదనం ఉండాలి. 20 నుంచి 25 డిగ్రీల వేడి, గాలిలో 70 నుంచి 80 శాతం తేమ దానికి సుఖం. చలికాలంలో ఇడ్లీపిండి పులవక అలాగే ఉండిపోవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అంతే, చలిపెడితే ఎంజైము మందగిస్తుంది, గాలి పొడిగా ఉంటే పూత రోజుల తరబడి జిడ్డుగానే ఉంటుంది.

మరి తేమ ఎక్కువైతే తొందరగా ఆరుతుంది కదా, మంచిదే కదా అంటారా? అక్కడే చెడుతుంది. పైపొర ఒక్కసారిగా గట్టిపడి, కింద సొన పచ్చిగా మిగులుతుంది. కిందిది కదులుతుంటే పైది పాలమీగడలా ముడతలు పడుతుంది. రంగు కూడా మాడినట్టు నల్లబడి మెరుపు పోతుంది. అందుకే పనివాడు పొద్దున్నే ముందు గాలిని చూస్తాడు. వాన పట్టిన రోజు అల్మరాకు నీళ్ళు తక్కువ చల్లుతాడు, ఎండ కాసిన రోజు ఎక్కువ. ఒక చిన్న గాజుముక్క మీద ఆ పూటి సొనను పూసి లోపల పెట్టి, ఎన్ని గంటలకు ఆరిందో చూసుకున్నాకే అసలు వస్తువు మీద చెయ్యి వేస్తాడు.

హిరసావాలో ఎండాకాలం చల్లగా, చెమ్మగా ఉంటుంది. సొనకు అది వరమే. చలికాలం మాత్రం గడ్డకట్టే చలి. అందుకే ఇంటి వెనక మట్టి కొట్లు కట్టుకున్నారు, వాటిని నురిగురా అంటారు. నురి అంటే పూయడం, గురా అంటే కొట్టు. 1749లో ఊరు తగలబడ్డాక వీధిని సరిచేసి స్థలాలు పంచుకున్నారు. ఒక్కో స్థలం వీధివైపు సన్నం, లోపలికి పొడుగు. ముందు దుకాణం, ఇల్లు. పక్కనే సన్నని నడవ. అది దాటితే లోపలి వాకిలి, ఆ వెనక నురిగురా. మందపాటి మట్టిగోడ బయటి ఎండనూ చలినీ లోపలికి అంత తొందరగా రానివ్వదు, తేమను పట్టి ఉంచుతుంది. వీధి దుమ్ము అంత లోపలికి చేరదు. నిప్పు పుట్టినా సరుకు దక్కే ఆశ ఉంటుంది. ఇలాంటి ఊరు వేరే లేదని 2006లో జపాన్ ప్రభుత్వం హిరసావాను ఉరుషి పనివారి ఊరుగా గుర్తించి, పాత కట్టడాల రక్షిత ప్రాంతాల జాబితాలో చేర్చింది.

గిన్నె తయారీ ఎంతో ఓపిక అడుగుతుంది. ఎండిన చెక్కకు ముందు పచ్చి సొనను పట్టించి పీల్చుకోనిస్తారు. ఇది తప్పితే తర్వాత చెక్క నీరు తాగి ఉబ్బి పూతను చీలుస్తుంది. అంచులు, అతుకులు, అడుగు, అంటే దెబ్బ తగిలే చోట్ల, సొనలో పిండి కలిపిన జిగురుతో గుడ్డ అతికిస్తారు. ఆ తర్వాత అడుగు పూతలు. కిసో పనికి అసలు బలం ఇక్కడే. మెయిజీ చక్రవర్తి కాలం మొదట్లో, అంటే 1868 తర్వాత కొన్నాళ్ళకు, నరాయిలో ఇనుము పాలు ఎక్కువగా ఉన్న ఒక బంకమన్ను దొరికింది, దాన్ని సబిత్సుచి అంటారు. దాన్ని మెత్తగా పొడిచేసి ముందు నీళ్ళతో కలిపి, ఆ తర్వాత పచ్చి సొన పోసి నూరితే రాయిలా గట్టిపడే ముద్ద వస్తుంది. అంతవరకు తేలికపాటి సామాన్లకే పరిమితమైన ఊరు, ఆ మన్ను వచ్చాక భోజనబల్లల వంటి గట్టి సామానుకు పేరుపొందింది.

ఆ ముద్దలో సొన తక్కువైతే పూత పొడిపొడిగా రాలుతుంది. ఎక్కువైతే ముడతలు పడుతుంది, సాన పట్టడానికీ లొంగదు. ఒకేసారి మందంగా వేస్తే లోపల ఎన్నటికీ ఆరదు. కాబట్టి చెక్కబద్దతో పల్చగా వేయడం, ఆరబెట్టడం, నీళ్ళు పోసి సానరాయితో రుద్దడం, మళ్ళీ వేయడం. గిన్నెలో ఎక్కువ పని ఇదే, కానీ కొనేవాడి కంటికి ఇందులో ఒక్కటీ కనబడదు. తక్కువ ధర గిన్నెలో ఎగ్గొట్టేదీ దీన్నే. మెరుపు చూసి మోసపోవద్దు.

చివరి పూతకు వాడే కుంచె చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. అది మనిషి తలవెంట్రుకలతో చేసింది. పొడుగాటి జుట్టును సొన జిగురుతో పల్చటి పలకలా బిగించి, రెండువైపులా చెక్క అంటిస్తారు. పెన్సిల్లో సీసంలా జుట్టు కుంచె పొడవునా, కొన్నిట్లో సగం దాకా, ఉంటుంది. కొస అరిగితే చెక్కను చెక్కి కొత్త జుట్టు బయటికి తీస్తారు. సొన చిక్కగా ఉంటుంది, మామూలు కుంచె దాన్ని లాగలేదు. చెక్క బయటికి కొద్దిగా కనిపించే ఈ బిగువైన జుట్టు కొసే లాగగలదు.

పని అయ్యాక కుంచెను నీళ్ళతో కడగరు, ఆరిపోని వంటనూనెతో కడిగి నూనెలోనే ఉంచుతారు. మర్నాడు ఆ నూనెనంతా సొనతో పిండి పిండి తీసేయాలి. కాస్త మిగిలినా పూతలో ఆ చోటు ఎన్నాళ్ళైనా ఆరదు. చేతి చెమటలోని ఉప్పు, వేలి జిడ్డు అంటినా అంతే. అందుకే సానపట్టిన గిన్నెను వట్టి వేళ్ళతో ముట్టుకోరు, అడుగున చిన్న కర్రను తాత్కాలికంగా అతికించి దాన్నే పట్టుకుంటారు.

సొనను పల్చటి జపాన్ కాగితంలో పోసి, రెండు కొసలూ మెలితిప్పి పిండుతారు. ఒకసారి కాదు, నలుసు లేదనిపించేదాకా. అయినా పూశాక ఎక్కడో ఒక ధూళి కణం తేలుతుంది. సన్నటి పుల్ల కొసతో దాన్ని అంటీ అంటనట్టు ఎత్తేస్తారు, గుంట తనంతట తానే పూడుకుంటుంది. ఆ తర్వాత గిన్నెను అల్మరాలో పెట్టి కొద్ది నిమిషాలకోసారి తలకిందులు చేస్తారు. లేకపోతే సొన కిందికి జారి అంచున చారికలా గడ్డకడుతుంది. ఇప్పుడు చాలాచోట్ల అల్మరాను మోటారు తిప్పుతుంది.

కిసో పనిలో మూడు రీతులు ముఖ్యం. షున్‌కేయిలో హినోకి ఈనెలు కనబడేలా పారదర్శకమైన సొన పూస్తారు. కింద దాచడానికి మన్ను ఉండదు కాబట్టి చెక్కలో చిన్న మచ్చ ఉన్నా బయటపడుతుంది. త్సుయిషులో దూది ఉండతో అద్ది బొడిపెలు లేపి, వాటిమీద రకరకాల రంగుల సొనను పదికి పైగా పూతలు వేస్తారు. అప్పుడు సమంగా అరగదీస్తే బొడిపెలున్న చోట రంగుల వలయాలు తేలతాయి. ఎక్కువ అరిగితే అడుగు మన్ను బయటపడుతుంది, ఇక దాచే దారి లేదు. మూడోది రంగులను విడదీసి పూసి, బొగ్గుతో నునుపు చేసి, సన్నని పొడితో అరచేతితో అద్దంలా మెరిపించే పని. ఈ మూడింటికీ 1975లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ కళగా గుర్తింపు ఇచ్చింది. 1998 నాగానో శీతాకాల ఒలింపిక్స్ పతకాల మీద మెరిసింది కూడా కిసో ఉరుషే.

మీ ఇంటికి ఎప్పుడైనా ఇలాంటి గిన్నె వస్తే మెత్తటి గుడ్డతో, గోరువెచ్చని నీళ్ళతో కడిగి వెంటనే తుడవండి. పీచు, బూడిద వద్దు. మైక్రోవేవ్‌లో పెడితే చెక్కలోని తడి ఉడికి పూత చిట్లుతుంది. గూట్లో పెట్టి నెలల తరబడి మరిచిపోతే చెక్క ఎండిపోయి పగుళ్ళు వస్తాయి, ముఖ్యంగా ఏసీ గదిలో. రోజూ వాడి రోజూ కడిగితే చెక్కకు కావలసిన తడి అదే అందుతుంది. కిటికీ ఎండ తగిలేలా మాత్రం ఉంచకండి, నీటికీ పులుపుకూ లొంగని ఆ పూత ఎండకు మాత్రం మెల్లగా వెలసిపోతుంది. కొత్తలో ఘాటు వాసన వస్తే నీడలో, గాలి తగిలే చోట కొన్నాళ్ళు ఉంచండి, పోతుంది. అంచు పెచ్చు లేస్తే పారేయకండి. కింద గుడ్డ, మన్ను గట్టిగా ఉంటే, తెలిసిన పనివాడు ఆ ఒక్క చోట గీకి మళ్ళీ పూసి ఇస్తాడు.

ఇట్లు,
మీ తాతయ్య