ఓడ దారి మూసుకుంటే విమానం ఎందుకు ఆదుకోలేదు

2023 చివర్లో ఎర్రసముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక ఆసియా–యూరప్ కంటైనర్ ఓడలు చాలావరకు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లాయి. ప్రయాణం పది నుంచి పద్నాలుగు రోజులు పెరిగింది. అలాంటప్పుడు సరుకంతా విమానాల్లో పంపేస్తే పోదా? బోయింగ్ 747 సరుకు విమానం మోసేది వంద టన్నులకు కాస్త పైన. 20 అడుగుల కంటైనర్లు 24 వేలు పట్టే ఓడ మోసేది రెండు లక్షల టన్నుల పైమాట. ఒక్క ఓడ సరుకు తేల్చడానికే వెయ్యికి పైగా విమానాలు లేవాలి.

ఇంత తేడా తెచ్చింది ఓడ వేగం కాదు, కంటైనర్ అనే ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో లారీల వ్యాపారి మాల్కం మెక్‌లీన్, ఐడియల్ ఎక్స్ అనే పాత ట్యాంకర్ మీద 58 పెట్టెలు ఎక్కించి నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అప్పటిదాకా బస్తా బస్తాగా, పీపా పీపాగా కూలీలు ఎక్కించడంతో ఓడ రోజుల తరబడి రేవులోనే కట్టేసి ఉండేది. విడి సరుకు టన్ను ఎక్కించడానికి దాదాపు ఆరు డాలర్లయ్యే చోట ఆ ఓడలో అయింది 16 సెంట్లు.

విమాన సరుకు కథ వేరు. 1910 నవంబరులో ఒహాయోలో డేటన్ నుంచి కొలంబస్‌కు రైట్ సోదరుల విమానం కొన్ని పట్టు తాన్లు మోసుకెళ్లింది. నిజానికి అది ఆ పట్టు అమ్మే దుకాణం వాళ్ల ప్రచారం. సోవియట్‌లు నేల దారులు మూసేసిన 1948–49 బెర్లిన్ దిగ్బంధంలో నగరానికి బొగ్గు సైతం గాల్లోనే చేరింది, కానీ ఆ ఖర్చు ప్రభుత్వాలది. వ్యాపార లెక్క కుదిరింది జెట్‌లతో, ముఖ్యంగా 1972లో ముక్కు పైకి తెరుచుకునే 747 సరుకు విమానం వచ్చాక. అయినా విమాన సరుకులో దాదాపు సగం నేటికీ ప్రయాణికుల విమానాల పొట్టలోనే వెళ్తుంది. అందుకే 2020లో ప్రయాణికులు ఆగిపోగానే సరుకుకూ చోటు పోయి ధరలు ఎగబాకాయి.

ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం చూస్తే 80 శాతానికి పైగా సముద్రం మీదే. విమానం వాటా బరువులో ఒక శాతం లోపే, విలువలో మాత్రం మూడో వంతు.

కొత్తవాళ్లు దెబ్బతినేది ధర కట్టే పద్ధతి దగ్గర: అసలు తూకం, ఆక్రమించే చోటును బట్టి కట్టే తూకం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. 60×50×40 సెంటీమీటర్ల అట్టపెట్టె తీసుకోండి: ఘనపరిమాణం 1,20,000 ఘన సెంటీమీటర్లు. విమానంలో దాన్ని 6,000తో భాగిస్తే 20 కిలోలు. పెట్టె నిజంగా తూగేది 9 కిలోలే అయినా కిరాయి 20 కిలోలకు. కొరియర్ సంస్థలు ఎక్కువగా 5,000తో భాగిస్తాయి, అప్పుడు అదే 24 అవుతుంది. ఓడలో కంటైనర్ పంచుకుని పంపితే ఒక ఘనపు మీటరును ఒక టన్నుతో సమానంగా చూస్తారు. అంటే తేలికైన పెద్ద సరుకుకు ఓడ మేలు. అయితే సాధారణంగా కనీసం ఒక ఘనపు మీటరుకు వసూలు చేస్తారు కాబట్టి, ఒక్క పెట్టె పంపేవాడికి రేవు ఖర్చులన్నీ కలిశాక ఓడ చవక కాకపోవచ్చు.

కాగితాల తేడా కూడా చిన్నది కాదు. ఓడ వారిచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ సరుకుపై హక్కు పత్రం. దాని ఒరిజినల్ కాగితం బ్యాంకుల్లో ఇరుక్కుంటే సరుకు రేవులో పడి ఉండి డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, పెరుగుతుంది. విమాన సరుకుకు ఇచ్చే ఎయిర్ వేబిల్ రసీదు మాత్రమే, అందులో పేరున్నవాడికి సరుకు ఇచ్చేస్తారు. డబ్బు అందకముందే సరుకు చేజారకూడదనుకునే అమ్మకందారు గ్రహీత గడిలో బ్యాంకు పేరు రాయించేది ఇందుకే.

ఎర్రసముద్రం సంక్షోభంలో మధ్యే మార్గంగా మళ్లీ గిరాకీ వచ్చింది సీ–ఎయిర్‌కు: ఓడలో దుబాయి దాకా, అక్కడి నుంచి విమానంలో యూరప్‌కు. నేరుగా విమానం కంటే చవక, ఓడ కంటే త్వరగా చేరుతుంది. కానీ దుబాయిలో కంటైనర్ విప్పి ప్యాలెట్ల (విమానంలోకి ఎక్కించే పలకల) మీద మళ్లీ పేర్చాలి. ఎత్తు కొలత ముందే చూసుకోకపోతే, ఓడకు సరిపడిన పేర్పు విమానం తలుపులో పట్టదు.