సార్ చూస్తున్నారని భయమా?

పిల్లలూ,

ఆడటానికి కోర్టులో దిగేటప్పుడు మీలో చాలామందికి ఓడిపోతామన్న భయం కంటే ఇంకో భయం ఎక్కువ. నలుగురికీ ఎలా కనిపిస్తున్నామో అని. ఆయాసపడుతున్నట్టు తెలిసిపోతుందేమో, టెన్షన్ బయటపడుతుందేమో, ఈ డ్రెస్సులో లావుగా ఉన్నానేమో, నాకు ఆటే రాదనుకుంటారేమో. క్రీడాకారుల మనసు గురించి పరిశోధించినవాళ్లు కూడా దాదాపు ఈ నాలుగు దిగుళ్లనే చెప్పారు. కోచ్‌తో మీకున్న చనువును బట్టి కూడా ఇవి పెరుగుతాయి, తగ్గుతాయి.

బ్యాడ్మింటన్ ఆడే మన పి.వి.సింధునే చూడండి. నెమ్మదస్తురాలు. ఆడుతూ గట్టిగా అరవాలంటే మహా మొహమాటం. అప్పుడు కోచ్ పుల్లెల గోపీచంద్ ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటి ఆటగాళ్లంతా చూస్తుండగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ప్రతి పాయింటుకీ పిడికిలి బిగించి అరిచిన సింధును దేశమంతా చూసింది. ఫైనల్లో ఎదురుగా ఉన్న కరోలినా మారిన్ అరుపులకు పెట్టింది పేరు. అయినా మొదటి గేమ్ 21-19తో సింధుదే. తర్వాతి రెండూ 12-21, 15-21తో పోయి వెండి పతకం వచ్చింది.

అందరిముందూ అలా నిలబెట్టడం చిన్న విషయం కాదు. ముక్కూ మొహం తెలియని కోచ్ చేయిస్తే అది అవమానమే అయ్యేది. ఇక్కడ ఏళ్ల తరబడి పెరిగిన నమ్మకం ఉంది. రియోకి ముందు మూడు నెలలు ఆమె ఫోన్ తీసేసుకున్న ఆ గురువే, పతకం రాగానే ఫోన్ ఇచ్చేస్తాను, ఇక ఐస్‌క్రీం తినొచ్చు అన్నారు. తన మంచి కోరే మనిషి అని తెలిస్తే, ఆయన ముందు తప్పు షాట్ కొట్టడానికి పిల్లలు జంకరు.

గెలిచినప్పుడే నవ్వే కోచ్ దగ్గర వేరేగా ఉంటుంది. మోకాలు నొప్పి పెడుతున్నా చెప్పరు. అర్థం కాకపోయినా తలూపుతారు. కొత్త షాట్ జోలికే పోరు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ దాచిన నొప్పి.

మీకూ అలా ఉంటే, మ్యాచ్ లేని రోజు చూసుకుని అడగండి: "సార్, అందరిముందూ తిడితే నాకు చేతులు ఆడటం లేదు. తప్పుంటే పక్కకు పిలిచి చెప్పండి." చాలామంది కోచ్‌లు వింటారు, వాళ్లకు ఆ సంగతి తట్టి ఉండదంతే. మీ ఒంటి గురించి, బరువు గురించి వెకిలిగా మాట్లాడేవాళ్లయితే మాత్రం ఆ రోజే ఇంట్లో చెప్పండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ