హోంవర్క్‌కు ఇనాగురేషన్ ఉండదు

పిల్లలూ,

దసరా సెలవులకు హన్మకొండ వచ్చిన మా మనవడి నోట్‌బుక్‌లో ఒక వాక్యం కింద ఎర్ర సిరా గీత కనబడింది. తన హోంవర్క్‌ను ఇనాగురేట్ చేశానని ఇంగ్లీషులో రాశాడు. "తాతా, ఆ మాటకు మొదలుపెట్టడమనే కదా అర్థం? మన వీధి చివర నీళ్ల ట్యాంకు శిలాఫలకం మీద కూడా అదే ఉంది. ట్యాంకుకు ఒప్పు, నాకు తప్పా?" అని వాడి తగాదా.

కొత్త ఇంట్లో పాలు పొంగించడం చూశారా? మీ అమ్మ రోజూ పొద్దున్నే పొయ్యి వెలిగిస్తుంది. అది స్టార్ట్. గృహప్రవేశం నాడు అదే పొయ్యికి పసుపు, కుంకుమ పెట్టి, కొత్త గిన్నెలో పాలు పోసి, ఎప్పుడు పొంగుతాయా అని చుట్టాలంతా మెడలు చాచి నిలబడతారు. అది ఇనాగురేషన్. పాలు పొంగితే చప్పట్లు. మర్నాడు అదే గిన్నెలో పాలు పొంగితే మాత్రం నానమ్మ చేతిలో తిట్లు! నలుగురి ముందు, వేడుకగా, ఒక్కసారే జరగాలన్నమాట. వంతెనకు, గ్రంథాలయానికి ఆ మాట వాడతాం. పోటీల్లో మొట్టమొదటి ఆటను ఇనాగురల్ మ్యాచ్ అంటాం. అమెరికా అధ్యక్షుడు జనవరి 20న పదవి చేపట్టే వేడుక పేరు కూడా ఇనాగురేషనే. ఆయన్ను పొయ్యి మీద పెట్టలేం కాబట్టి నా పాలగిన్నెను ఇక్కడ దించేస్తున్నాను.

అసలు రుచి ఆ మాట పుట్టుకలో ఉంది. పూర్వం రోమ్‌లో ఆగర్ అనే పూజారులు ఉండేవారు. పెద్ద పని ఏది తలపెట్టినా వాళ్లు ఆకాశం వైపు చూసి, పక్షులు ఎటు నుంచి ఎటు ఎగిరాయో గమనించి సరే అనాలి. ఇనాగురేట్ అనే మాట కడుపులో ఉన్నది ఆ ఆగరే. పవిత్రమైన కోళ్లు గింజలు తింటే మంచి సూచన అనీ నమ్మేవారు. క్రీ.పూ. 249లో యుద్ధానికి ముందు ఒక రోమన్ సేనాని ఓడలోని ఆ కోళ్లు గింజలు ముట్టకపోతే, "తినకపోతే తాగనీ" అని వాటిని సముద్రంలోకి విసిరించాడని కథ. ఆ యుద్ధంలో ఓడిపోయాడు కూడా. నవ్వకండి, మన 'శకునం' సంగతి చూడండి. సంస్కృతంలో శకున అంటే పక్షే. పెళ్లి కార్డుల మీద అచ్చయ్యే ఆస్పిషస్ (శుభకరమైన) అనే మాటలోనూ 'పక్షిని చూడటం' అనే లాటిన్ మాటలే దాగి ఉన్నాయి.

మా చిన్నప్పుడు పరకాల దగ్గర మా ఊళ్లో, దసరా సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లే ముందు మా బాపు నన్ను పొలిమేరకు తీసుకెళ్లేవాడు, పాలపిట్టను చూడటానికి. ఇప్పుడది మన రాష్ట్ర పక్షి. అప్పట్లో మాత్రం నాకు తీగ మీద ముడుచుకుని కూర్చున్న మట్టిరంగు పిట్ట. "ఇదేనా?" అన్నాను. ఓపిక లేక మట్టిపెళ్ల విసిరాను. అది లేచి రెక్కలు విప్పింది. లేత నీలం, దాని పక్కనే ముదురు నీలం, ఎండలో తళుక్కుమన్నాయి. నోరు తెరిచి చూస్తుండగానే నెత్తిన మొట్టికాయ పడింది. "పెళ్ల వేసి పిలిస్తే అది శకునమెట్లా అవుతుందిరా?" అన్నాడు బాపు.

ఈ రోజుల్లో కొందరు దాన్ని పంజరంలో పెట్టి తెచ్చి, చూసినందుకు డబ్బులు అడుగుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడమే నేరం. మీరు పైసా ఇవ్వకండి. చేల గట్టు మీదికి వెళ్లి తీగల వంక చూడండి, కాసేపు కూర్చోండి.

మావాడు డాబా మీది నుంచి అరుస్తున్నాడు. తీగ మీద ఏదో మట్టిరంగుది వాలిందట, ఎంతకీ ఎగరడం లేదట. వాడి చేతిలో పెళ్ల ఉందో ఏమో, నేను పైకి వెళ్లాలి.

మీ తాత