ఏస్ ఊరు విడిచింది 2024లో, బీజం పడింది 1995లో

2026 జూన్‌లో ఆరు హోమ్ మ్యాచ్‌లు లాస్ వేగాస్‌లో ఆడతామని అథ్లెటిక్స్ (ఏస్) బేస్‌బాల్ జట్టు ప్రకటించడంతో పాత తగువు మళ్లీ రాజుకుంది. జట్టును కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరం చేజేతులా పోగొట్టుకుందా, యజమాని జాన్ ఫిషరే తరలించుకుపోయారా? ఫిలడెల్ఫియా నుంచి కాన్సస్ సిటీ మీదుగా 1968లో ఓక్లాండ్ చేరిన కథ అందరికీ తెలిసిందే. చూడాల్సింది 1995.

1966లో తెరిచిన కోలీజియం, ఓక్లాండ్‌లో ఏస్ ఆడిన మైదానం, బేస్‌బాల్‌కూ అమెరికన్ ఫుట్‌బాల్‌కూ కలిపి కట్టిన గుండ్రటి స్టేడియం. అందుకే ఫౌల్ గీతల (కొట్టిన బంతి చెల్లే హద్దుల) బయట ఖాళీ జాగా ఎక్కువ. వేరేచోట ప్రేక్షకుల్లో పడే బంతి ఇక్కడ ఫీల్డర్‌కు క్యాచ్ అయ్యేది. అయినా ఔట్‌ఫీల్డ్ వెనక తెరిపిగా ఉండి కొండలు కనిపించేవి. 1982లో లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయిన రైడర్స్ ఫుట్‌బాల్ జట్టును వెనక్కి రప్పించాలని నగరం, అలమేడా కౌంటీ కలిసి బాండ్లతో అప్పు తెచ్చి, సరిగ్గా ఆ వైపే భారీ స్టాండ్ లేపాయి. రైడర్స్ యజమాని అల్ డేవిస్ పేరు కలిపి అభిమానులు దాన్ని ‘మౌంట్ డేవిస్’ అని వెక్కిరించారు. పనులు సకాలంలో పూర్తికాక 1996లో ఏస్ తొలి ఆరు హోమ్ మ్యాచ్‌లు ఎక్కడ ఆడిందనుకున్నారు? లాస్ వేగాస్‌లోనే, క్యాష్‌మన్ ఫీల్డ్‌లో.

ఆ సీట్లు బేస్‌బాల్‌కు నిండలేదు. 2006లో పై అంతస్తుకు టార్పాలిన్లు కప్పేశారు. రెండు సీజన్లు కలిసే వారాల్లో ఔట్‌ఫీల్డ్ పచ్చిక మీద ఫుట్‌బాల్ గజాల గీతలు మిగిలిపోయేవి. మైదానం బయటి నేల కంటే బాగా లోతున ఉండటంతో మురుగు తోడటం ఎప్పుడూ తలనొప్పే. 2013 జూన్‌లో అది డ్రెస్సింగ్ రూముల్లోకి ఎగదన్నితే ఏస్, సియాటిల్ మెరైనర్స్ ఆటగాళ్లు పై అంతస్తులోని రైడర్స్ గదికెళ్లి స్నానాలు చేశారు.

ఓక్లాండ్‌లో స్టేడియం ఎంతకీ తేలలేదు, ఓక్లాండ్ రేవులో అనుకున్న హోవర్డ్ టెర్మినల్ స్థలం కూడా కుదరలేదు అన్నది యాజమాన్యం వాదన. కానీ ఏస్ మొదట వెళ్తానన్నది వేగాస్‌కు కాదు. ముందు ఫ్రీమాంట్, 2009లో అది అటకెక్కాక శాన్ హోసే. రెండూ మన తెలుగువాళ్లు దండిగా ఉన్న ఊళ్లే. అయితే శాన్ హోసే ఉన్న శాంతా క్లారా కౌంటీ మరో బేస్‌బాల్ జట్టు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ హద్దు, అంటే లీగ్ ఆ జట్టుకే కేటాయించిన ప్రాంతం. అది వాళ్లదెలా అయింది? 1990ల మొదట్లో అక్కడ స్టేడియం కట్టుకుంటామని జెయింట్స్ అంటే అప్పటి ఏస్ యజమాని వాల్టర్ హాస్ పైసా అడక్కుండా సరేనన్నారు. ఓటర్లు కాదన్నారు, జెయింట్స్ కదల్లేదు, హద్దు మాత్రం తిరిగి రాలేదు. 2013లో శాన్ హోసే నగరం లీగ్ మీద దావా వేసింది. గుత్తాధిపత్య నిరోధక చట్టం బేస్‌బాల్‌కు వర్తించదన్న 1922 నాటి సుప్రీంకోర్టు తీర్పు అడ్డొచ్చి 2015లో ఓడిపోయింది.

2023 నవంబరులో వేగాస్ తరలింపునకు మాత్రం జట్ల యజమానులంతా ఏకగ్రీవంగా ఓటేశారు. ఎవరి కోసం మౌంట్ డేవిస్ కట్టారో ఆ రైడర్స్ 2020లోనే వేగాస్ చేరింది. అప్పు వాయిదాలు ఆ తర్వాతా ఓక్లాండ్, అలమేడా కౌంటీ ప్రజలే కట్టారు.

2024 సెప్టెంబరు 26న కోలీజియంలో ఏస్ చివరి మ్యాచ్‌కు 46,889 మంది వచ్చారు. ఇప్పుడు ఆడుతున్న వెస్ట్ శాక్రమెంటో మైనర్ లీగ్ (దిగువ స్థాయి లీగ్) మైదానంలో పట్టేది దాదాపు 14,000. ఆ మైదానం అసలు జట్టు రివర్ క్యాట్స్, జెయింట్స్ అనుబంధ జట్టు. వేగాస్ స్టేడియం 2028కి సిద్ధం కావాలి. వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం ఇచ్చే ప్రభుత్వ సొమ్ముకు 38 కోట్ల డాలర్లు గరిష్ఠ పరిమితి, మిగతాది ఫిషర్ సర్దుకోవాలి.