థైరాయిడ్ సగం తీశాక మళ్లీ ఆపరేషన్ ఎందుకు?

"ఒకసారి కోశారు కదా, మళ్లీ కొయ్యడమేంటి? ఆ డాక్టరుగారు మొదట్లో సరిగ్గా చెయ్యలేదేమో!" అమలాపురం అయినా భీమవరం అయినా, థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ జరిగిన ఇంట్లో బయాప్సీ రిపోర్టు చూశాక ముందు వచ్చే మాట ఇదే. కానీ చాలాసార్లు అందులో డాక్టరు తప్పేమీ ఉండదు.

థైరాయిడ్ గొంతు ముందు, శ్వాసనాళానికి రెండు పక్కలా ఉంటుంది. గడ్డ కనపడితే ముందు సూది పరీక్ష చేస్తారు. సూదిలోకి వచ్చేవి విడి కణాలే. ఫాలిక్యులర్ అనే ఒక రకం గడ్డల్లో హాని లేని కణాలూ క్యాన్సర్ కణాలూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే గడ్డ చుట్టూ ఉన్న పొరను చూడాలి. కణాలు ఆ పొరను చీల్చుకుని బయటికొచ్చాయా, రక్తనాళాల్లోకి దూరాయా అన్నదే అసలు ప్రశ్న. దానికి గడ్డ మొత్తం చేతికి రావాలి. అందుకే ఆ పక్క సగం తీసి, పలుచగా కోసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. రిపోర్టు వచ్చేసరికి పేషెంటు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

క్యాన్సర్ అని తేలితే రెండో సగం ఎందుకు తియ్యాలి? థైరాయిడ్ కణాలు అయోడిన్‌ను పీల్చుకుంటాయి. ఆ గుణాన్ని వాడుకునే రేడియో అయోడిన్ (రేడియేషన్ వెదజల్లే అయోడిన్) మందు మిగిలిన క్యాన్సర్ కణాల్ని చంపుతుంది. అయితే క్యాన్సర్ కణాలకంటే మామూలు థైరాయిడే అయోడిన్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. దాళ్వాలో (రబీ వరి పంటలో) కాలవ ఎగువ చేలే నీళ్లన్నీ తాగేస్తే శివారు చేలకు ఏం అందుతుంది? ఇదీ అంతే. పైగా థైరాయిడ్ మొత్తం తీసేశాక రక్తంలో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారు చేసే ప్రోటీన్) పెరిగితే జబ్బు తిరగబెట్టిందేమోనని తొందరగా పసిగట్టవచ్చు. సగం గ్రంథి ఉంటే అది కూడా ఆ పదార్థాన్ని తయారు చేస్తుంది కాబట్టి లెక్క తేలదు.

ఇది అందరికీ అవసరం లేదు. 4 సెంటీమీటర్ల లోపు ఉండి, బయటికి పాకని, ప్రమాదం తక్కువైన క్యాన్సర్లకు సగం తీస్తే సరిపోవచ్చని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. "మాకు రెండోది నిజంగా కావాలా, ఎందుకు?" అని సర్జన్‌ను నిలదీసి అడగడంలో తప్పు లేదు. అడిగి తీరాలి.

చేయించుకోవాలని తేలితే ముందు స్వరపేటిక పరీక్ష మాత్రం మానొద్దు. గొంతు తీగల్ని కదిలించే నరాలు థైరాయిడ్‌ను ఆనుకునే పోతాయి. మొదటి ఆపరేషన్‌లో ఒక పక్క నరం దెబ్బతిన్నా, రెండో తీగ సర్దుకుని మాట మామూలుగానే రావచ్చు. ఇప్పుడు రెండో పక్క నరం కూడా దెబ్బతింటే పోయేది గొంతు ఒక్కటే కాదు, ఊపిరి ఆడటమే కష్టమవుతుంది. థైరాయిడ్ వెనక నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. అవి దెబ్బతింటే కాల్షియం పడిపోయి పెదాల చుట్టూ, వేళ్ల కొనల్లో తిమ్మిరి మొదలవుతుంది. అలా అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

రేడియో అయోడిన్‌కు ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి తినమంటారు. మన తీరప్రాంతం ఇళ్లలో ఇదే పెద్ద టెన్షన్: సముద్రపు చేపలు, రొయ్యలు, పీతలు, ఎండుచేపల పులుసు, అయోడిన్ ఉప్పు అన్నీ పక్కన పెట్టాలి. తర్వాత తీసేసిన గ్రంథి ఇచ్చే హార్మోన్‌కు బదులుగా జీవితాంతం థైరాక్సిన్ మాత్ర ఉంటుంది. పొద్దున్నే పరగడుపున వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం మాత్రలు కూడా రాసిస్తే రెండింటికీ మధ్య 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాక్సిన్ ఒంటికి సరిగ్గా పట్టదు.