ముందు ఎస్‌ఎంపీఎస్, తర్వాతే రంగు లైట్లు

విజయనగరం

చిరంజీవులు పెద్దోడికీ, చిన్నమ్మడికీ తాతయ్య ఆశీస్సులు.

కొత్తగా కొనబోయే కంప్యూటర్ కోసం మీరు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. ఫోన్లో చెబితే ఒకరు వింటుంటే ఇంకొకరు మధ్యలో లేచిపోతారు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇద్దరూ చదివాక మీ నాన్నకు కూడా వినిపించండి. జీడిపిక్కలు అమ్మిన డబ్బులోంచి 40 వేలు తీసి ఇస్తున్నది వాడు. ఏ రూపాయి ఎక్కడికి పోతోందో వాడికీ తెలియాలి.

మీ లిస్టులో ఉన్నవి: ఐ7 3770 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు, రంగు లైట్ల గేమింగ్ క్యాబినెట్, దానితో ఉచితంగా ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటు మార్చి ఇచ్చే డబ్బా. ఇది అమ్మేవాడికి మంచి లిస్టు. పాత సరుకంతా ఒక్క దెబ్బకి ఖాళీ అవుతుంది.

ఐ7 అన్న పేరు చూసి మోసపోకండి. పేరు పక్కనున్న అంకె చూడాలి. 3770లో మొదటి 3 అంటే మూడో తరం, 2012 నాటిది. అప్పట్లో అది రాజే. ఇప్పుడు దాని మీద విండోస్ 11 సరిగ్గా ఎక్కదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైవాటినే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అన్న భద్రతా ఏర్పాటు కూడా ఉండాలంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. చిన్నమ్మడు ఆడతానంటున్న వాలరెంట్, విండోస్ 11లో టీపీఎం, సెక్యూర్ బూట్ అన్న ఇంకో భద్రతా ఏర్పాటు, రెండూ లేకపోతే తెరుచుకోదు. లినక్స్ వేసుకుని చదువుకోవడానికైతే ఆ పాత మిషను పనికొస్తుంది. కానీ మీరు దాన్ని పాత మిషను ధరకి కొనడం లేదు కదా!

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆ ప్రాసెసర్ కూర్చునే మదర్‌బోర్డులో పాత డీడీఆర్3 రకం ర్యామ్ మాత్రమే పడుతుంది. రెండేళ్ల తర్వాత కొంచెం వేగం కావాలంటే ప్రాసెసర్ మార్చాలి, దాంతో బోర్డు మార్చాలి, దాంతో ర్యామ్ కూడా మార్చాలి. అంటే మొత్తం మళ్లీ కొనడమే. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాడు ఇవాళ కొన్న వస్తువు రేపు కొనబోయేదానికి అడ్డం రాకుండా చూసుకోవాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

జీటీ 730 సంగతి. అది 2014లో వచ్చిన కార్డు. డబ్బా మీద 4 జీబీ అని పెద్దగా రాస్తారు, కానీ ఆ అంకెకీ వేగానికీ సంబంధం చాలా తక్కువ. ఇప్పటి ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలో జీ అక్షరంతో ముగిసేవాటిలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. అది ఈ కార్డు కంటే బాగా ఎక్కువ పని చేస్తుంది. అంటే మీరు డబ్బు పెట్టి మరీ వెనక్కి వెళ్తున్నారన్నమాట. మొదటి కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు వద్దు. దాని చోటు ఖాళీగా ఉంచండి. వచ్చే ఏడాదో, ఆ పై ఏడాదో డబ్బు కూడినప్పుడు ఒక మంచి కార్డే తెచ్చి పెట్టుకోవచ్చు.

ప్రాసెసర్‌కి నా మాట రైజెన్ 5 5600జీ. 2021లో వచ్చింది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. పెద్దోడి ప్రోగ్రామింగ్‌కి, చిన్నమ్మడి వీడియో ఎడిటింగ్‌కి చాలు. సెట్టింగులు తగ్గించుకుంటే వాలరెంట్ కూడా హాయిగా నడుస్తుంది. కొట్లో 5600 అని, చివర జీ లేనిది కొంచెం చవగ్గా చూపిస్తారు. దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు, స్క్రీన్ మీద ఏమీ రాదు. ఇంటెల్‌లో ఇది తిరగేసి ఉంటుంది. అక్కడ చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేదని అర్థం. ఐ3 12100 అంటే ఉంది, 12100ఎఫ్ అంటే లేదు. ఒక్క అక్షరం చూడకుండా కొని, ఇంటికొచ్చి నల్లటి తెర చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

ఒక మాట దాచకుండా చెప్తాను. 5600జీ కూర్చునే ఏఎం4 సాకెట్ దాదాపు దారి చివరికొచ్చింది. దాంట్లోనే తర్వాత ఎనిమిది కోర్ల ప్రాసెసర్ వేసుకోవచ్చు గానీ కొత్త తరాలు రావు. ఏఎం5 బోర్డు తీసుకుంటే ఆ దారి ఇంకా పొడుగు, 2027 వరకైనా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. కానీ దానికి డీడీఆర్5 ర్యామే పడుతుంది, బోర్డు ధర కూడా ఎక్కువ. మీ నాన్న ఇంకో 10 వేలు వేస్తానంటే ఏఎం5కి వెళ్లండి. అడిగి వేయించుకోవద్దు. పిక్కల ధర ఎలా ఉందో మీకు తెలుసు.

ర్యామ్ దగ్గర మాత్రం నేను పైన చెప్పిన సూత్రం కొంచెం వంగుతుంది. 16 జీబీ ఒకే స్టిక్‌గా కొంటే రెండో స్లాటు తర్వాతకి మిగులుతుంది, అది నిజమే. కానీ 5600జీలో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క స్టిక్ ఉంటే దారి ఒక్కటే, రెండుంటే దారులు రెండు. ఆటల్లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. కాబట్టి 8 జీబీవి రెండు, ఒకే కంపెనీ ఒకే మోడల్, 3200 వేగంతో తీసుకోండి. నాలుగు స్లాట్ల బోర్డు దొరికితే చిక్కే లేదు, తర్వాత పెంచుకోవచ్చు. నాలుగింటిలో పెట్టేటప్పుడు ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెట్టి రెండోదానిలో, నాలుగోదానిలో పెట్టాలి. ఆ తర్వాత బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లోకి వెళ్లి ఎక్స్ఎంపీ అన్నది ఆన్ చెయ్యకపోతే 3200 స్టిక్కు కూడా తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఏఎండీ బోర్డుల్లో కొన్నిట్లో దీన్నే డీఓసీపీ అంటారు.

ధరలు ఏవీ నేను రాయడం లేదు, గమనించారా? 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల కోసం ఎగబడటంతో ర్యామ్ ధర ఒక్కసారిగా పైకి పోయింది. నేను ఇవాళ రాసిన అంకె మీరు కొనే రోజుకి పనికి రాదు. డబ్బు చాలకపోతే ఇప్పటికి 8 జీబీ ఒక్కటే తీసుకుని, అదే మోడల్‌ది రెండోది తర్వాత కలపండి. ఆటలు కొన్నాళ్లు ఆగుతాయి, అంతే.

బోర్డు బీ550 అయితే మంచిది, ఏ520 అయినా నడుస్తుంది. పాత బీ450 బోర్డు తీసుకుంటే బయోస్ అప్‌డేట్ చేసి ఉందో లేదో అడగండి. లేకపోతే కొత్త ప్రాసెసర్‌ని అది గుర్తించదు. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ, వేగంగా ఉండే ఎన్‌వీఎంఈ రకం 500 జీబీ చాలు. అదే చిన్న పట్టీ లాంటి ఎం.2 ఆకారంలో నెమ్మదైన సాటా రకం ఎస్ఎస్‌డీలు కూడా వస్తాయి, అవి సెకనుకి 550 ఎంబీ దాటవు. మామూలు ఎన్‌వీఎంఈ చాలావరకు మూడు వేల ఎంబీ దాటుతుంది. అంచున రెండు గాట్లుంటే చాలావరకు సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ. సినిమాల కోసం పాత హార్డ్ డిస్క్ ఏదైనా తర్వాత తగిలించుకోవచ్చు.

ఇప్పుడు నా సొంత రంగానికొస్తాను. మూడు లాంతర్ల దగ్గర కొట్లో ఇన్నేళ్లు రేడియోలు, టీవీలు విప్పి చూసినవాడిగా చెప్తున్నాను, ఇంట్లో ఏ ఎలక్ట్రానిక్ వస్తువైనా పోతే ముందు చూడాల్సింది దానికి కరెంటిచ్చే భాగం. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ని చేత్తో ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటుంది. లోపల ఉండాల్సిన కాయిళ్లు, ఫిల్టర్లు, రక్షణ సర్క్యూట్లు మానేశారు కాబట్టి తేలిక. పైన మాత్రం 450 వాట్లని రాస్తారు.

ఆ స్టిక్కర్ చదవడం నేర్చుకోండి. దాని మీద +12 వోల్టులని ఒక గడి, దాని కింద ఆంపియర్లు ఉంటాయి. ఇప్పటి కంప్యూటర్ దాదాపు మొత్తం ఆ 12 వోల్టుల మీదే నడుస్తుంది. అక్కడ 14 ఆంపియర్లని ఉంటే 12 పెట్టి గుణించండి, 168 వాట్లు. అది 450 ఎలా అవుతుంది? మంచి 450 వాట్ల దాంట్లో 36 ఆంపియర్ల దగ్గర కనిపిస్తుంది, అంటే 432. మీ కంప్యూటర్ కార్డు లేకుండా గట్టిగా పనిచేసినా 150 వాట్లు దాటడం కష్టం. అయినా 550 వాట్లది, పేరున్న కంపెనీది తీసుకోమంటాను. రేపు వచ్చే గ్రాఫిక్స్ కార్డుకి 8 పిన్నుల కేబుల్ దాంట్లోనే ఉంటుంది. 80 ప్లస్ బ్రాంజ్ అన్న గుర్తు కరెంటు ఎంత వృథా కాదో చెప్తుంది, అంతేగాని మన్నికకి అది హామీ కాదు. వారంటీ ఐదేళ్లుంటే ఆ కంపెనీకి తన సరుకు మీద నమ్మకం ఉందనుకోవచ్చు.

ఇంకోటి, ఎర్తింగ్. ఈ వస్తువు ఏ కొట్లోనూ అమ్మరు. మన ఊళ్లలో చాలా ఇళ్లలో మూడో పిన్ను సాకెట్ దాకా వచ్చి ఆగిపోతుంది, వెనక తీగ ఉండదు. అలాంటి చోట కంప్యూటర్ పెడితే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు వేళ్లకి జిల్లుమంటుంది. షార్టు అయిందని భయపడతారు, కాదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు రెండు, ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి రేకుకి కలిసి ఉంటాయి. ఎర్తు ఉంటే వాటి మీదుగా వచ్చే చిన్న కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద సగం వోల్టేజి, అంటే 115 దాకా నిలబడుతుంది. కరెంటు చాలా కొద్ది కాబట్టి మీకేమీ కాదు, కానీ ఆ స్థితిలో యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ తీగలు తగిలిస్తూ తీస్తూ ఉంటే పోర్టులు కాలే అవకాశం ఉంది. కంప్యూటర్ కొనే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు గొయ్యి చూపించండి. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోస్తే సరిపోతుందో, కొత్త రాడ్ దించాలో ఆయన చెప్తాడు. డబ్బు చాలకపోతే రంగు లైట్ల ఫ్యాన్లు మానేసి ఇక్కడ పెట్టండి.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి వెంటనే యూపీఎస్ కొనక్కర్లేదు. వెనక ఒక స్విచ్చి ఉంటుంది, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి ఎక్కువ సేపు పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా నిండు భారంతో సెకనులో అరవయ్యో వంతు దాకే ఓర్చుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టాక కూడా రీస్టార్ట్ అయితే అప్పుడు ఆలోచిద్దాం.

తిత్లీ తుఫాను వచ్చింది 2018 అక్టోబర్ 11న, మీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. చిన్నమ్మడికి గుర్తుండదు. అలాంటి గాలివాన తర్వాత కరెంటు రాగానే ప్లగ్గు పెట్టొద్దు, వోల్టేజి కుదురుకోనివ్వండి. పిడుగులు పడేటప్పుడు ప్లగ్గుతో పాటు రౌటర్ నుంచి వచ్చే లాన్ తీగ కూడా పీకెయ్యండి.

క్యాబినెట్‌కి ముందు వైపు జాలీ ఉండాలి, అద్దం కాదు. అద్దం వెనక ఫ్యాన్లకి గాలి అందదు. మీది సముద్రపు గాలి, తేమా ఉప్పూ రెండూ ఉంటాయి, నెలల తరబడి మూసి పెట్టొద్దు. వెనక కార్డుల దగ్గర ఖాళీ స్లాట్లకి మూత రేకులు ఉండాలి. లేకపోతే బల్లులు, చీమలు కాపురం పెడతాయి. నేల మీద పెట్టకుండా బల్ల మీద పెట్టండి.

కొనడానికి శ్రీకాకుళంలో అడిగి చూసి, అన్నీ దొరక్కపోతే రైలెక్కి విశాఖ ద్వారకానగర్ వెళ్లండి. అక్కడ కొట్లు పక్కపక్కనే ఉంటాయి, ధరలు పోల్చుకోవచ్చు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తానన్నవాడికి నమస్కారం పెట్టి బయటికి రండి. ప్రాసెసర్ సీలు డబ్బాలోదే కావాలనండి. ట్రే అని విడిగా ఇచ్చేదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ ఉండదు, కొట్టువాడి మాటే వారంటీ. ఏఎం4 ప్రాసెసర్‌కి పిన్నులు అడుగునే ఉంటాయి, ఒక్కటి వంగినా మార్చివ్వరు. కొట్లోనే డబ్బా విప్పించి చూసుకోండి.

బిగించేటప్పుడు ముందు డబ్బా మీదే బోర్డు పెట్టి, ప్రాసెసర్, ఫ్యాన్, ఒక ర్యామ్ మాత్రం పెట్టి ఆన్ చేసి చూడండి. డబ్బాలో వచ్చే ఫ్యాన్‌కి కింద పేస్టు రాసే ఉంటుంది, వేలితో ముట్టుకోవద్దు. తెర మీద ఏమీ రాకపోతే బేగి కొట్టువాడికి ఫోన్ చెయ్యకండి. పైన ఎడమ మూలన ప్రాసెసర్‌కిచ్చే 8 పిన్నుల కేబుల్ పెట్టారా? ర్యామ్ టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కారా? మానిటర్ తీగ బోర్డు వెనకాలే ఉందా? ఈ మూడూ చూసి అప్పటికీ రాకపోతే సాయంత్రం ఆరు తర్వాత నాకు వీడియో కాల్ చెయ్యండి, కెమెరా బోర్డు వైపు తిప్పి.

మీ తాతయ్య